మా కష్టం మీద మాకే పాఠం చెప్పకండి

గౌరవనీయులైన తెలుగు చలనచిత్ర దర్శకులకు, రచయితలకు, నిర్మాతలకు,



సమాజం గురించో, పర్యావరణం గురించో సినిమా తీసిన ప్రతిసారీ మీ వేదికల మీద ఒక మాట వినబడుతోంది: మెసేజ్ బలంగా చెప్పాం, మామూలు జనానికి కూడా అర్థమయ్యేలా చెప్పాం అని. హీరో నిలబడి విడమరచి చెప్పకపోతే బి, సి సెంటర్లలో ఎక్కదని మీరు ముందే తీర్మానించుకున్నారు. ప్రీ క్లైమాక్స్‌లో ప్రెస్ మీట్ సీను పుట్టేది ఆ తీర్మానంలోంచే. ఆ సెంటర్లలో కూర్చునేవాళ్ళలో నేనొకడిని. కొల్లేటి ఒడ్డున పెరిగినవాణ్ణి. మాకు ఏది ఎక్కుతుందో, ఏది ఎక్కదో తేల్చేముందు మీలో ఎవరైనా వచ్చి మమ్మల్ని అడిగారా? ఆ తీర్మానాన్ని నేను ఒప్పుకోను. అందుకే ఈ ఉత్తరం.

సినిమాకు రాజకీయాలెందుకు, వినోదం చాలదా అనేవాళ్ళ తరఫున నేను మాట్లాడటం లేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు ‘మాలపిల్ల’ తీసిననాడే తెలుగు సినిమా ఆ వాదనను దాటి వచ్చేసింది. మరుసటి ఏడు వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారీ దోపిడీని దాని పేరుతోనే చూపించింది. జమీందార్లు ఆ సినిమా ప్రదర్శనకు అడ్డుపడ్డారు. అంటే తగలవలసినవాళ్ళకే తగిలింది. ఇవాళ్టి మీ సందేశాత్మక చిత్రాలు ఎవరికి తగులుతున్నాయి? ఫలానా సినిమా చూసి ఫలానా కంపెనీ ఉలిక్కిపడింది, ఫలానా శాఖ ఫైలు మళ్ళీ తెరిచింది అని మీరు చెప్పుకోగలిగినవి ఎన్ని ఉన్నాయి? దెబ్బలన్నీ టికెట్టు కొని కూర్చున్న మాకే. చెట్లు నరకొద్దని మాకు చెబుతారు, ఓటు అమ్ముకోవద్దని మాకు చెబుతారు, రైతును గౌరవించమని రైతుల కొడుకులకు చెబుతారు. సందేశం ఉన్నందుకు నాకు బాధ లేదు. అది చేరవలసిన గడపను వదిలేసి మా గడపకే రావడం నా బాధ.

‘మహర్షి’ సంగతే తీసుకోండి. 2019లో వచ్చిన ఆ సినిమాకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అందులో ఒక ఘట్టంలో పెద్ద కంపెనీ అధిపతి అయిన రిషి పొలంలోకి దిగితే, ఒక ముసలి రైతు అతనికి నాగలి పట్టడం నేర్పుతాడు. అక్కడ తెలిసినవాడు రైతు, నేర్చుకునేవాడు హీరో. ఆ పెద్దాయన మాట, నడక, నవ్వు మా ఊళ్ళో మనిషివే. హాల్లో జనం ఆ సీనును ఇంట్లో మనిషిని చూసినట్టు చూశారు. మరో ఘట్టంలో అదే రిషి విలేకరుల ముందు కూర్చుని వ్యవసాయం గురించి, రైతు విలువ గురించి మాట్లాడతాడు. నేర్చుకున్నవాడు గురువయ్యాడు, నేర్పినవాడు ప్రసంగంలో ఒక విషయమైపోయాడు. మొదటి సీను రాసిన చేతికి మా మీద గౌరవం ఉంది. రెండో సీనుకు వచ్చేసరికి ఆ గౌరవం ఎక్కడికి పోయింది?

ఆ కథలో పల్లె భూములకు ఎసరు పెట్టేది గ్యాస్ ప్రాజెక్టు. ఆ సినిమాను కోనసీమలోనూ చూశారు. అక్కడ 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంటే 65 రోజులపాటు మంటలు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. తేమ పూర్తిగా తీయని గ్యాసు పంపడంతో పైపు లోపల తుప్పు పట్టిందన్న సంగతి ఆ తర్వాత బయటికి వచ్చింది. పొలం కింద పైపు పోతుంటే పైన ఎలా నిద్రపడుతుందో ఆ ఊళ్ళవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. వాళ్ళకు కావలసిన జవాబులు వేరు. ఆ పైపును చివరిసారి ఎవరు తనిఖీ చేశారు? ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు? లోపం తెలిసి కూడా ఊరుకున్నది ఎవరు? సినిమా ఆ తీగ లాగి ఉంటే కోనసీమ ఊపిరి బిగబట్టి చూసేది. దానికి బదులు రైతు లేకపోతే దేశం లేదని వినిపిస్తే, కొబ్బరితోటలో పైపు మార్కరు రాయి పక్కన పుట్టి పెరిగినవాడికి అందులో కొత్తగా దొరికేదేమిటి?

‘రిపబ్లిక్’ నాకు మరీ దగ్గరి విషయం. 2021లో దేవ కట్టా గారు ఆ సినిమాతో సాహసమే చేశారు. చేపల చెరువులు మింగేసిన ఒక సరస్సును పెద్ద తెర మీదికి తెచ్చి, కలెక్టరును కథానాయకుణ్ణి చేసి, చివరికి ఆ హీరో ప్రాణం కూడా తీయించిన సినిమా మన దగ్గర అరుదు. వ్యవస్థ పాడవడంలో అందరికీ పాత్ర ఉందని మాటల్లో అన్నది కూడా. కానీ ఆ సరస్సు పేరు తెల్లేరు. అది కొల్లేరని మాకు తెలుస్తూనే ఉంది, తీసినవాళ్ళకూ తెలుసు. మరి ఆ ముసుగు ఎవరి కోసం? మమ్మల్ని విషపు చేపలు పెంచేవాళ్ళుగా చూపించారని కొల్లేటి చేపల రైతులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో స్వార్థం ఉంటే ఉండవచ్చు. అయినా అది కథలో పలచగా ఉన్న చోటే వేలు పెట్టింది.

మా కొల్లేటి కథ తిన్నగా సాగేది కాదు. వరదలకు వరి మునిగిపోతుంటే 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, లంక గ్రామాలవాళ్ళ కోసం చేపల చెరువులు తవ్వించింది. లాభం కళ్ళబడ్డాక పెట్టుబడి బయటి నుంచి దిగింది. సొసైటీ చెరువులు లీజుకు పోయాయి. చెరువు ఊరిది, గట్టు మీద రాత్రి కాపలా ఊరివాడిది, లాభంలో పెద్ద వాటా లీజుదారుడిది. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును సూచించే గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. కాంటూరు లోపల జిరాయితీ భూమి ఉన్న రైతు సొంత పొలంలోనే పరాయివాడయ్యాడు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అంటూ గట్లు పేల్చేశారు. రెండేళ్ళు తిరిగేసరికి కాంటూరును మూడుకు కుదించాలని అదే రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. పేల్చిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. ఈ మధ్యకాలమంతా బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్లు పట్టణాల మురుగును మోసుకొచ్చి సరస్సులో పోస్తూనే ఉన్నాయి. ఉప్పుటేరు పూడిపోయి వానాకాలంలో ముంపు దిగదు, ఎండాకాలంలో సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. నాలుగు వైపులా నీళ్ళున్న లంకలో తాగే నీళ్ళు క్యాన్లలో కొంటారు.

ఇందులో విలన్ ఎవరు? కోళ్ళ పెంట, తవుడు, చెక్క తెచ్చి చెరువులో గుమ్మరించినవాడా? లీజు డబ్బుల్లో ఇంటికింత అని పంచుకున్న ఊరా? మురుగును శుద్ధి చేయకుండా వదిలిన పట్టణాలా? పరిహారం ఇవ్వకుండా గీత గీసిన ప్రభుత్వమా? ఎన్నికలు రాగానే ఆ గీతను జరుపుతామన్న పార్టీలా? అందరికీ ఇందులో వాటా ఉంది. మాకూ ఉంది. ఆ బరువంతా ‘రిపబ్లిక్’లోలా ఒక దుర్మార్గపు నాయకురాలి నెత్తిన పెడితే కథ చెప్పడం తేలికవుతుంది, కొల్లేరు మాత్రం తేలికపడదు. ఆ ఒక్క మనిషి ఓడిపోతే నీళ్ళు తేటపడతాయని నమ్మేవాళ్ళు లంకల్లో ఎవరూ లేరు. ఇంతమంది చేతులు పడి పాడైన సరస్సును తెర మీద చూసి అర్థం చేసుకునే శక్తి మాకు లేదని మీకు ఎవరు చెప్పారు? పంచాయతీలో లీజు వేలం పాట ఎలా నడుస్తుందో, బినామీ పేరు ఎవరిదో మా ఇంట్లో పదో తరగతి పిల్లాడు చెబుతాడు. అంతటి ప్రేక్షకుడికి మీరు మంచివాడు, చెడ్డవాడు అని రెండే బొమ్మలు చూపించి సరిపెడుతున్నారు. నేను చిన్నచూపు అంటున్నది దీన్నే. ప్రసంగం పొడవు నాకు రెండో విషయం. సంగతి ఎలా జరిగిందో దాచి నీతిని మాత్రం చేతిలో పెట్టడం మొదటి విషయం.

సూటిగా మాట్లాడితే తప్పా అని మీరు అడగవచ్చు. తప్పెలా అవుతుంది? మన నేల మీద సూటిగా మాట్లాడిన కళలకు కొదవ లేదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్య వంత, మరో పక్క రాజకీయ వంత ఉంటారు. రాజకీయ వంత పని కథకు తలూపడం ఒక్కటే కాదు. కథను ఆపి, ఇవాళ్టి సంగతేమిటని అడుగుతాడు, అడ్డు చెబుతాడు, జనం మనసులో ఉన్న అనుమానాన్ని జనం తరఫున పైకి అంటాడు. షేక్ నాజర్ గారు బెంగాల్ కరువు మీద కథ చెప్పినా, అల్లూరి మీద చెప్పినా ఊళ్ళకు ఊళ్ళే కదిలివచ్చి విన్నాయి. 1954లో ‘అగ్గిరాముడు’ వంటి వినోద చిత్రంలోనే ఆయన అల్లూరి బుర్రకథ నిలిచింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన ‘మాభూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడితే ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. ఆ నాటకం ఎదుట కూర్చున్నది చదువులేని జనం. వాళ్ళకు అర్థం కాదని ఎవరూ అనుకోలేదు. అర్థమైపోతుందనే సర్కారు భయపడింది.

‘ప్రతిఘటన’ కూడా సూటిగానే మాట్లాడింది. 1985లో టి.కృష్ణ గారు తీసిన ఆ సినిమాలో నడివీధిలో పరాభవం పొందిన లెక్చరర్, తనను హేళన చేసిన తన తరగతి కుర్రాళ్ళ ఎదుటే నిలబడి నిలదీస్తుంది. మాట్లాడుతున్నది నష్టపోయిన మనిషి, వింటున్నది ఆ తప్పు చేసినవాళ్ళు. అందుకే అది ఇన్నేళ్ళయినా మాసిపోలేదు. మీ ప్రెస్ మీట్ సీన్లలో మాట్లాడుతున్నవాడు ఏం పోగొట్టుకున్నాడు? ఎదుట కూర్చున్నవాళ్ళు చేసిన తప్పేమిటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేనప్పుడు, ఎంత మంచి మాటైనా పైమెట్టు మీద నుంచి పడినట్టే ఉంటుంది.

చెప్పకుండానే చెప్పగలిగినవాళ్ళూ మీలో ఉన్నారు. బి.నరసింగరావు గారి ‘దాసి’లో మాటలు ఎంత తక్కువో మీకు గుర్తు చేయాలా? దొరసానితోపాటు అరణంగా గడీకి వచ్చిన ఆడమనిషి, దొర వల్ల కడుపు వస్తే దాన్ని కూడా నిలుపుకోలేదు. ఎవరూ ప్రసంగించరు. దొరతనం ఎంత నీచమో గడీలోని పనులే చెబుతాయి. 1988 నాటి ఆ సినిమాకు ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అది కళాత్మక చిత్రం, మా లెక్క వేరంటారా? అయితే ‘రంగస్థలం’ చూడండి. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలంతటా హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టించిన సినిమా. హీరో చిట్టిబాబుకు చెవులు సరిగా వినబడవు. చావుబతుకుల్లో ఉన్న అన్న ఏదో చెప్పాలని తంటాలు పడుతుంటే తమ్ముడికి అందదు. ఊళ్ళో జరుగుతున్నదాన్ని వినలేకపోవడం ఏమిటో ఆ ఒక్క క్షణంలో హాలంతా అనుభవించింది. కథ పొడవునా ప్రెసిడెంటునే శత్రువు అనుకున్న మనకు, అసలు హంతకుడు మర్యాదస్తుడిలా కనిపించిన పెద్దమనిషి అనీ, కారణం కులమనీ చివర్లో తెలుస్తుంది. కులం గురించి ఉపన్యాసం లేదు. చిట్టిబాబు ఆ మనిషికి సేవ చేసి, కోలుకునేదాకా ఆగి, అప్పుడు ప్రతీకారం తీర్చుకుంటాడు. బి, సి సెంటర్లకు అది అర్థం కాలేదా?

విడమరచి చెప్పకపోతే జనం తప్పుగా నేర్చుకుంటారని ఇంకో వాదన ఉంది. ‘పుష్ప’ చూసి స్మగ్లర్ని హీరో అనుకున్నారు కదా అంటారు. అయ్యా, మేం తప్పుగా ఏమీ అర్థం చేసుకోలేదు. మీరు చూపించినట్టే చూశాం. శేషాచలం కొండల్లో ఎర్రచందనం నరికే కూలీ ఏ ఊరి నుంచి ఎందుకు వస్తాడో, 2015 ఏప్రిల్ 7న అక్కడ ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన ఇరవై మంది ఎవరో అడిగే చోట మీ కెమెరా నిలబడలేదు. సిండికేటులో పైకెక్కుతున్నవాడి భుజం మీద నిలబడింది. ఎలివేషన్ ఎవరికివ్వాలో నిర్ణయించేది మీరు. ఆ నిర్ణయం తాలూకు బాధ్యతను మా తెలివితక్కువ మీదకు నెట్టడం న్యాయమేనా?

మీ చేతల సంగతి కూడా అడగాలి. ‘జనతా గ్యారేజ్’ హీరో ప్రకృతి ప్రేమికుడు. భూమిని కాపాడుకోమని ఎంతో ఆవేశంగా చెప్పాడు, మేమూ చప్పట్లు కొట్టాం. కానీ పర్యావరణం గురించి తీసిన సినిమా విడుదలైనా మా సెంటర్లో కరెంటు స్తంభాలకు వేలాడేది ప్లాస్టిక్ ఫ్లెక్సీయే. పండగ అయ్యాక అవి కాలవల్లో తేలతాయి. ఫ్లెక్సీలు వద్దని అభిమానులకు ఒక్క మాట మీరు గట్టిగా చెబితే, ఏ క్లైమాక్స్ ప్రసంగమూ చేయలేని పని ఒక్క రోజులో జరుగుతుంది. ఎందుకు చెప్పరు? 2024 జూలైలో తెలంగాణ ముఖ్యమంత్రి, టికెట్ ధరలు పెంచుకోవాలంటే మాదకద్రవ్యాల మీద, సైబర్ నేరాల మీద అవగాహన వీడియో చేసి ఇవ్వాలని షరతు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ పెంచిన ధర కట్టేది మేము, ఆ పైన సుద్దులు వినేదీ మేమే. సందేశమంటే మా దగ్గర వసూలు చేసే రుసుముకు రశీదు అన్న స్థితికి రానివ్వకండి. ఆ షరతు విన్నప్పుడు మీలో ఒక్కరైనా లేచి, మంచి మాట చెప్పడానికి ధర పెంపుతో పని లేదని ఎందుకు అనలేదు?

మీ బాధ్యత చిన్నది కాదు. కొల్లేటి మీద కమిటీలు ఇచ్చిన నివేదికలు చదివినవాళ్ళు ఎంతమంది? ఒక్క సినిమాను మాత్రం కొన్ని లక్షల మంది చూస్తారు. ఆ లక్షల మందిలో నివేదిక రాసిన అధికారీ ఉంటాడు, గట్టు వేసినవాడూ ఉంటాడు, ఓటు వేసే మేమూ ఉంటాం. ఒకే చీకటిలో అందరం పక్కపక్కన కూర్చునే చోటు ఈ దేశంలో ఇంకెక్కడ మిగిలింది? అలాంటి చోట మాకు నిజంగా ఏం జరిగిందో తెలిస్తే బయటికొచ్చి వాదించుకుంటాం, పంచాయతీలో అడుగుతాం, సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతాం. నీతి మాత్రమే వింటే చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాం. అన్యాయం చేసినవాడు కూడా మాతోపాటు చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాడు. అతనికి ఇబ్బంది కలిగించని సందేశం వల్ల ఎవరికి మేలు జరిగినట్టు?

అందుకని నా వినతులు మూడు. మొదటిది, ఊరి పేరు మార్చకండి. చట్టపరమైన చిక్కులుంటే వకీళ్ళ సలహా తీసుకోండి గానీ, భయపడి సరస్సుకు మారుపేరు పెట్టకండి. రెండోది, కథా చర్చల్లో ఆ సమస్యలో బతుకుతున్నవాళ్ళను కూర్చోబెట్టండి. ఫొటో దిగి పంపించెయ్యకుండా, మాటల రచయితకు ఇచ్చినట్టే పారితోషికం ఇచ్చి, టైటిల్స్‌లో పేరు వేసి కూర్చోబెట్టండి. మూడోది, క్లైమాక్స్ ప్రసంగం రాశాక షూటింగుకు ముందు దాన్ని వాళ్ళకు చదివి వినిపించండి. అందులో తమకు తెలియని విషయం ఒక్కటైనా ఉందా అని అడగండి. ఉంటే ఆ ప్రసంగం ఉంచండి, ఎంత పొడుగైనా వింటాం. లేకపోతే కొట్టేసి, ఆ నిమిషాలు అసలు సంగతి ఎలా జరిగిందో చూపడానికి వాడుకోండి.

మమ్మల్ని వెనకేసుకురమ్మని నేను అడగడం లేదు. కొల్లేరు మీద సినిమా తీస్తే మా తప్పులూ చూపించండి, మా ఊరి సొసైటీ లీజు లెక్కలతో సహా చూపించండి. చూసి నొచ్చుకుంటాం, పోట్లాడతాం, జవాబు చెప్పుకుంటాం. కానీ నిందించేటప్పుడైనా మమ్మల్ని తెలిసినవాళ్ళుగా లెక్కగట్టి నిందించండి. తెలియనివాళ్ళుగా జమకట్టి ముద్దు చేయకండి.

ఇట్లు,
కొల్లేటి ఒడ్డున పుట్టిన ఒక ప్రేక్షకుడు